టచింగ్ చెయ్యవద్దు

కనిగిరి,
డిసెంబరు 11, 2006.

త్రినాథ్‌కు,

నువ్వు బస్సు పార్సిల్లో పంపిన ఫోటో చేరింది. అద్దం పగల్లేదు. ఫ్రేము బాగుంది.

ఫోటోలో ఉన్నది మీ అక్క కాదు.

మొదట పైట సంగతి. దుర్గ పైట కుడి భుజం మీద ఉంది. సేట్ల ఇళ్ళలో ఆడవాళ్ళు అలా వేసుకుంటారు. మీ అక్క ఎన్నడూ వేసుకోలేదు. పక్కింటి జైనాబీ గారు గుమ్మంలోంచే చూసి, "అయ్యో, టీచరమ్మని తిరగేశారేంటి?" అంది. వచ్చినవాళ్ళందరూ ముందు అదే చూస్తున్నారు. అందువల్ల రెండోది ఎవరూ అడగడం లేదు. నేను అడుగుతున్నాను.

మచ్చలు ఏవి?

కంటి కొసన ఉండాలి. పై పెదవి మీద ఉండాలి. అక్కడ ఏమీ లేదు. మొహం కొత్త స్టీలు గిన్నెలా ఉంది.

మన దగ్గరున్న ఫోటోలన్నిటిలోనూ దుర్గ పక్కకు తిరిగి ఉంటుంది. ఆవిడ తిరగలేదు. వచ్చిన ప్రతి ఫోటోగ్రాఫరూ "కొంచెం ఇటు తిరగండమ్మా" అని తిప్పాడు. నేరుగా చూస్తున్నది ఒక్కటే ఉంది. మీ గృహప్రవేశంనాడు నువ్వు తీసింది. నువ్వు తిప్పలేదు. పెద్దకర్మనాడు దాన్ని నీ కంప్యూటర్లో చూపించావు. అందుకే అదే వెయ్యమన్నాను.

ఆ ఫోటో ఎలా ఉందో అలా పంపు.

మీ బావ,
చెంచురామయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
జనవరి 4, 2007.

పూజ్యులు బావగారికి,
త్రినాథ్ నమస్కారాలు.

పైట సంగతి నా తప్పే, ఒప్పుకుంటున్నాను. శ్రద్ధాంజలి డిజైన్లు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. వెనక మబ్బులు, పక్కన దీపం, చుట్టూ పూలు, అన్నీ పొరలు పొరలుగా వస్తాయి. మనం మధ్యలో మనిషిని పెట్టుకుంటే చాలు. నేను దించుకున్నదాంట్లో దీపం కుడిపక్క ఉంది. అక్క తల కొంచెం అవతలికి వాలి ఉంది. దీపం వైపు వాలితే బాగుంటుందని ఫోటోని అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పాను. పైట తట్టలేదు. మా స్టూడియో ఆపరేటర్ జాన్ బాషాని తిడితే, "పొద్దస్తమానం మొహాలు చూసేవాళ్ళం సార్, భుజాలెవరు చూస్తారు?" అన్నాడు. సరిచేసి మళ్ళీ పంపుతున్నాను.

రెండోది నేను కావాలని చెయ్యలేదు. కంప్యూటర్ చేసింది. అది కూడా ఫ్రీగా దించుకున్నదే. ఒక్క మీట నొక్కితే మొటిమలు, మచ్చలు, ముడతలు అన్నీ తుడిచేస్తుంది. దాన్నే మేం టచింగ్ అంటాం. ఈ కొట్టుకొచ్చే ప్రతి ఫోటోకీ చేస్తాం. చెయ్యకపోతే "డబ్బులు తీసుకుని టచింగ్ కూడా చెయ్యలేదేంటయ్యా" అని మొహం మీదే అంటారు. చెయ్యి అలవాటు పడిపోయింది.

పాత ఫోటో పంపమన్నారు. లేదు బావగారూ. దాని మీదే సేవ్ కొట్టేశాను. నెగటివ్‌లు మొన్నటి వానల్లో మురుగునీళ్ళు కొట్లోకి వచ్చినప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పీకితే పొర ఊడి వచ్చింది.

అమ్మకి కొత్త ఫోటో చూపించాను. చేత్తో తడిమి, "నా తల్లి ఎంత చక్కగా ఉందో, పుట్టినప్పుడు ఇట్టాగే ఉండేదిరా" అంది. అది విన్నాక నాకు మార్చబుద్ధి కాలేదు. చనిపోయిన మనిషి ఫోటోలో అది ఎందుకు చెప్పండి?

వేళకి తినండి. ఫోనన్నా చెయ్యండి.

మీ
త్రినాథ్.


కనిగిరి,
జనవరి 19, 2007.

త్రినాథ్‌కు,

రెండో ఫోటో చేరింది. పైట సరిగా ఉంది. ఫోటో తిరిగి పంపుతున్నాను.

కంప్యూటర్ చేసిందని రాశావు. మీట ఎవరు నొక్కారు?

"అది" అని రాశావు. మీ ఇంట్లో అందరూ "అది" అనే అంటారు. దానికి పేరుంది. బొల్లి. బడిలో కొత్తగా చేరిన పిల్లలు "మొహం మీద ఏంటి టీచర్?" అంటే దుర్గ, "పత్తి ఏరితే అంటుకుందిరా, పీకి చూడండి" అని మొహం ముందుకు చాపేది. వాళ్ళు నిజంగానే గోటితో గీకేవాళ్ళు. గీకనిచ్చి, తరువాత బొల్లి అంటే ఏమిటో, అది ఎందుకు అంటుకోదో చెప్పేది. మర్నాటి నుంచి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

సంవత్సరీకం కార్తీకంలో వస్తుంది. ఆ రోజు ఈ ఇంట్లో పెట్టే ఫోటోలో మచ్చలుంటాయి. నువ్వు వెయ్యకపోతే నేను వేస్తాను. ఏ సాఫ్ట్‌వేరు కావాలో రాయి. పైట సరిచేసిన ఫైలు సీడీలో పంపు.

ఫోను చెయ్యను. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. ఈ విషయంలో నేను ఊఁ కొట్టదలుచుకోలేదు.

చెంచురామయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
మార్చి 8, 2007.

బావగారికి నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. యార్డులో మిర్చి దిగుతోంది. ఊళ్ళో ఎవరిని చూసినా తుమ్ములే. పెళ్ళిళ్ళ ఆల్బములు నెత్తిన కూర్చున్నాయి.

సీడీ పంపుతున్నాను. ఫైలుతో పాటు మేం వాడే సాఫ్ట్‌వేరు కూడా ఎక్కించాను. కొనాలంటే మన కొట్టు అమ్మినా చాలదు. ఇది తాళం పగలగొట్టిన కాపీ. గుంటూరంతా దీని మీదే నడుస్తోంది, మొహమాటపడకండి. కానీ మీరు నేర్చుకోవడం ఏమిటి బావగారూ? కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే మనిషికి ఈ గొడవ ఎందుకు? మౌసు పట్టుకుని ఒక గీత తిన్నగా గీయడానికే మా కుర్రాళ్ళకి నెలలు పడుతుంది.

ఒక్కమాట. శ్రీరమ్యకు సంబంధాలు చూస్తున్నాం. తెనాలి నుంచి ఒకటి కదిలింది. అబ్బాయి ఇంజనీరు, పెద్దలు నిదానస్తులు. వాళ్ళు సంవత్సరీకానికి రాకపోవచ్చు. కానీ వచ్చే పదిమందిలో వాళ్ళకి చుట్టాలుండరని ఏముంది? మేనత్త ఫోటో చూసి, అది వంశంలో ఉందని ఎవరైనా నోరు జారితే? అక్కే ఉంటే తన మేనకోడలి కోసం ఆ ఫోటో పెట్టమనేది కాదు.

కోపం తెచ్చుకోకండి. ఆడపిల్ల తండ్రిని.

మీ
త్రినాథ్.


కనిగిరి,
జూన్ 17, 2007.

త్రినాథ్‌కు,

అక్కే ఉంటే ఏమనేదో నాకు రాయవద్దు.

దొంగ సాఫ్ట్‌వేరు తిరిగి పంపుతున్నాను. అవసరం లేదు. అదే పని చేసేది ఒకటి నెట్‌లో ఉచితంగా ఉంది. ఎవరో చేసి, అందరూ వాడుకోండని పెట్టారు. బస్టాండు దగ్గర ఖాజావలి నెట్ సెంటర్లో దించుకున్నాను. దిగడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. రెండుసార్లు కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చింది. ఖాజావలి, "సార్, ఇది దిగేలోపు కొండెక్కి కోట చూసి రావచ్చు" అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

సెలవుల్లో రోజూ అక్కడికే వెళ్ళాను. నేర్చుకున్నాను.

దాంట్లో బ్రష్‌లు అని ఉంటాయి. ఒక ఆకారాన్ని బ్రష్‌గా చేసుకుంటే, నొక్కిన చోటల్లా ఆ ఆకారం పడుతుంది. ఉచితంగా ఇచ్చే సైట్లు చాలా ఉన్నాయి. ఈకలు, ఆకులు, నీటి చుక్కలు, పగిలిన గోడలు, పొగ. అన్నీ మంచివే. చర్మం అనే విభాగం కూడా ఉంది. ఆశగా తెరిచాను. పేజీలకు పేజీలు, అన్నీ చెరపడానికే. మచ్చ తీసేది, నలుపు తగ్గించేది, ముడత సాపు చేసేది. పెట్టడానికి ఒక్కటీ లేదు. బొల్లి ఉన్న మనిషి బొమ్మ గీయాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు కాబోలు.

అందుకని నేనే గీశాను. ఇన్నేళ్ళూ పిల్లలకు బోర్డు మీద ఆకులు గీసిన చెయ్యి. అంచు ఎక్కడ రంపంలా ఉంటుందో, ఎక్కడ నున్నగా ఉంటుందో చూడటం అలవాటే. కాగితం మీద పెన్సిలుతో గీసి, స్కాన్ చేసి, బ్రష్‌లుగా మార్చాను. గీసేటప్పుడు కళ్ళు మూసుకోవలసి వచ్చింది. తెరిస్తే మరిచిపోతున్నాను.

ఒంగోలు బస్సులో ఒకసారి ఒకావిడ దుర్గ పక్కన కూర్చుంది. మొహం చూసి, లేచి వెనక సీటుకు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. దుర్గ సంచీ తీసి ఆ ఖాళీలో పెట్టి, "రండి, కాళ్ళు చాపుకుని కూర్చుందాం. సీటంతా మనదే" అంది. ఒంగోలు దాకా కాళ్ళు చాపుకునే వెళ్ళాం. ఆ మనిషి ఫోటో నాకు కావాలి. మబ్బుల్లో కూర్చున్న మనిషిది కాదు.

ప్రింటు ఒకటి పంపుతున్నాను. చూసి, తప్పులుంటే రాయి. ఈ భూమ్మీద ఆ మొహం నాకంటే ముందు చూసినవాళ్ళలో మీ అమ్మ, నువ్వే మిగిలారు. మీ అమ్మ చెప్పదు.

చెంచురామయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
జూలై 2, 2007.

బావగారికి,

ప్రింటు చూశాను. కొట్లో చూడలేకపోయాను. ఇంటికి తీసుకెళ్ళి డాబా మీద చూశాను.

తప్పులు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇది మీ పనికి ఒప్పుకున్నట్టు కాదు.

కంటి పక్కది మీరు గుండ్రంగా వేశారు. గుండ్రంగా ఉండదు. పిచ్చుక రెక్క విప్పినట్టు ఉంటుంది. కింది అంచు మధ్యలో చిన్న చీలిక ఉంటుంది. చిన్నప్పుడు నేను నిద్రపోకపోతే అక్క నా వేలు పట్టుకుని ఆ చీలికలో పెట్టించేది. "పిచ్చుక ఎగిరిపోతుంది, గట్టిగా పట్టుకో" అనేది. పట్టుకునే నిద్రపోయేవాణ్ణి. పెదవి మీదది సరిగ్గా ఉంది.

మెడ మీద వేశారు చూడండి, అది పూర్తిగా తప్పు. మా గృహప్రవేశంనాటికి మెడ మీద ఏమీ లేదు. ఆ తరువాత వచ్చింది. ఫోటో తీసినరోజు లేనిదాన్ని ఫోటోలో ఎలా పెడతారు? నేను తీసేసింది అబద్ధమైతే ఇదీ అబద్ధమే.

ఇక నా మాట వినండి. దీన్ని మీ గదిలో పెట్టుకోండి. ఎవరూ కాదనరు. ముందు హాల్లో మాత్రం నేను పంపింది పెట్టండి. తెనాలి వాళ్ళు జాతకాలు కలిశాయన్నారు. అమ్మ కూడా ఇదే అంటోంది: "వాడికి పెళ్ళాం పోయింది, పట్టుదల పోలేదు."

త్రినాథ్.


కనిగిరి,
ఆగస్టు 12, 2007.

త్రినాథ్‌కు,

పిచ్చుక రెక్క సరిచేశాను. చీలిక పెట్టాను. పెట్టగానే కంప్యూటర్లోంచి దుర్గ చూసింది. లేచి బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. ఖాజావలి టీ తెప్పించాడు. నీకు కృతజ్ఞుణ్ణి.

మెడ మీదది ఉంచుతున్నాను. నువ్వన్నది నిజమే, ఆ రోజు లేదు. తరువాత వచ్చింది. వచ్చినప్పుడు ఆవిడ దాన్ని నాకే మొదట చూపించింది. "ఇదిగో, కొత్తది. ఇది మీ ఇంటికొచ్చాక వచ్చింది, పుట్టింటిది కాదు" అంది. నువ్వు ఫోటో తీసింది ఒక రోజుది. నేను పెడుతున్నది మనిషి ఫోటో.

గదిలో పెట్టను. హాల్లోనే పెడతాను.

ఇంకొకటి. నీకు ముందే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నేను చేసిన బ్రష్‌లను ఆ సైట్లో పెట్టాను. ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు, దేనికైనా వాడుకోవచ్చు, అడగనక్కర్లేదు. పేరు "దుర్గ". అక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ళు పెట్టినవి ఎన్నో వాడుకుని నేను పని నేర్చుకున్నాను. తీసుకున్న చోట ఏదైనా పెట్టాలి. నా దగ్గర ఉన్నది ఇదే.

సైటు నడిపేవాళ్ళు దాన్ని "తుప్పు, పాడైన గోడలు" విభాగంలో వేశారు. ఇది గోడ కాదు, మనిషి చర్మం, చర్మంలోకి మార్చండని రాశాను. చర్మం విభాగంలో లోపాలు సరిచేసేవి మాత్రమే ఉంటాయని జవాబిచ్చారు. ఇందులో లోపం లేదు, సరిచేసేది లేదు, కాబట్టి మీ విభాగం పేరైనా మార్చండి, దీన్నైనా చేర్చండి అని మళ్ళీ రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. ఖాజావలి నా ఇంగ్లీషు చదివి, "సార్, వాళ్ళమీద కేసు పెట్టేలా ఉన్నారే" అన్నాడు. నిన్న మార్చారు. చర్మంలో ఉంది.

చెంచురామయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
అక్టోబరు 10, 2007.

బావగారికి,

మీ ఆగస్టు ఉత్తరానికి అదే రోజు జవాబు రాశాను. చింపేశాను. అక్క చర్మాన్ని ఊరికీ దేశానికీ పంచిపెడతారా అని రాశాను. ఇంకా చాలా రాశాను. పోస్టు చెయ్యకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, నిన్న కొట్లో ఒకటి జరిగింది.

నరసరావుపేట వాళ్ళ పెళ్ళి ఆల్బం తయారవుతోంది. చివరిగా నేను చూసి పంపాలి. పెళ్ళికూతురు ఒంటరిగా నిలబడ్డ పేజీ. వెనక నీలంగా ఆకాశం పెట్టి, అక్కడక్కడ తెల్లని మబ్బులు వేశాడు జాన్ బాషా. బాగుంది. పేజీ తిప్పబోయి ఆగిపోయాను. పెళ్ళికూతురి తలకి పైన ఒక మబ్బు. కింది అంచు మధ్యలో చీలిక. పిచ్చుక రెక్క.

"ఇదెక్కడిదిరా?" అన్నాను.

"నెట్‌లోది సార్. ఫ్రీ బ్రష్‌లు కొత్తవి దించాను. మబ్బులకి భలే ఉన్నాయి. నలుగురైదుగురు పెళ్ళికూతుళ్ళకి వేసేశాను. బాలేదా సార్?"

బాగానే ఉందన్నాను. బావగారూ, ఆ మబ్బు మీద వేలు పెట్టాను. తెర మీదే. చీలికలో పెట్టాను. జాన్ బాషా నాకు పిచ్చెక్కిందనుకుని కుర్చీ వెనక్కి జరిపాడు. ఒకప్పుడు నేను తుడిచేసింది నా కొట్లోకే తిరిగొచ్చి, ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ నెత్తిన ఎగురుతోంది.

మీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. రమ్యకు కుడి చేతి మణికట్టు మీద వచ్చింది. అక్క పోయిన నెలలోనే మొదటిసారి చూశాను. ఇప్పుడు మోచేతి దాకా ఉంది. డాక్టరు పూతలు రాశాడు. తగ్గుతుందో లేదో తెలియదన్నాడు. ఎండాకాలమంతా పొడుగు చేతుల చొక్కాలే వేయించాం. అక్క ఫోటోలో మీట నొక్కినప్పుడు నేను అక్కని చూడలేదు. రమ్య చెయ్యి చూశాను. ఒక్క నొక్కుతో పోయింది. అలా పోతుందని చూడటానికి నాకు అంత హాయిగా అనిపించింది. మీరు మీట ఎవరు నొక్కారని అడిగారు. నేనే.

తెనాలి వాళ్ళకు ఇంకా చెప్పలేదు. ఫోటో అడుగుతున్నారు. పొడుగు చేతులది తీసి పంపుదామనుకుంటున్నాను. ఇప్పుడు చెప్పండి, మీ హాల్లో ఫోటో పెడతారా?

త్రినాథ్.


కనిగిరి,
అక్టోబరు 15, 2007.

త్రినాథ్‌కు,

పెడతాను.

రమ్య సంగతి ముందే రాసి ఉండవలసింది. కోపం లేదు.

నేను పెళ్ళిచూపులకు వచ్చినరోజు నువ్వు చిన్నవాడివి, గుర్తుండకపోవచ్చు. మీ నాన్నగారు దుర్గ కుర్చీని కిటికీ పక్కన, వెలుతురు కుడి చెంప మీదే పడేటట్టు వేయించారు. ఎడమ పక్క చీకటి. దుర్గ వచ్చింది. కుర్చీని చూసింది, కిటికీని చూసింది. కుర్చీ ఎత్తి, అటుది ఇటు తిప్పి వేసుకుని కూర్చుంది. ఎండ నేరుగా ఎడమ కంటి మీద పడింది. మీ నాన్నగారు తల వంచుకున్నారు. మా అమ్మ నా మోకాలు గిల్లింది. నేను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మరిచిపోయి, "కుర్చీ బరువుగా ఉందా?" అని అడిగాను. "లేదండీ" అంది.

రమ్య కుర్చీ ఎటు వెయ్యాలో నువ్వు నిర్ణయించవద్దు. నేనూ నిర్ణయించను. దాన్ని అడుగు.

సంవత్సరీకం కార్తీక బహుళ పంచమి. అందరూ రండి.

చెంచురామయ్య.


కనిగిరి,
డిసెంబరు 1, 2007.

త్రినాథ్‌కు,

నువ్వు రాలేదు. ఆల్బములు తెమలలేదని రమ్య చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు. జరిగింది రాస్తున్నాను.

అత్తయ్యగారు, రమ్య పొద్దున్నే దిగారు. ఫోటో హాల్లో కుర్చీ మీద పెట్టి ఉంది. అత్తయ్యగారు దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. సంచీలోంచి బాగా దట్టంగా కట్టిన చేమంతి దండ తీసి వేసింది. దండ ఎడమ కన్ను మీదుగా, పెదవి మీదుగా దిగింది. నేను వెళ్ళి పక్కకు సర్దాను. పనిలో పడి మళ్ళీ చూసేసరికి దండ ఎడమ కన్ను మీదే ఉంది.

"దండ జారింది అత్తయ్యగారూ."

"జారలా. నేనే జరిపా."

మళ్ళీ సర్దాను. ఆవిడ నా ముందే మళ్ళీ జరిపింది.

"బతికినన్నాళ్ళూ నీ మాటే నెగ్గింది నాయనా. ఇప్పుడన్నా నా కూతుర్ని నా ఇష్టం వచ్చినట్టు చూసుకోనియ్యి."

"మీరు చూస్తున్నది చేమంతుల్ని."

"నోరు బాగానే లేస్తోందే! పదిమంది వచ్చే వేళ!"

"వచ్చే పదిమందీ దుర్గని ఎరుగుదురు. ఆ కన్ను ఏదని అడుగుతారు."

గుమ్మంలో ఖాజావలి, జైనాబీ గారితో, "వీళ్ళిద్దరూ కలిసి దండ తెంపేట్టున్నారు" అన్నాడు. నిజంగానే చెరొక పక్కా పట్టుకుని ఉన్నాం.

అప్పుడు రమ్య వంటింట్లోంచి వచ్చింది. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుంది. వచ్చేటప్పుడు బస్సులో శాలువా కప్పుకుని ఉంది. ఎప్పుడు తీసిందో చూడలేదు. మా ఇద్దరి చేతుల్లోంచీ దండ తీసుకుంది. "నానమ్మా, పునిస్త్రీ పూలు ముత్తైదువులకు పంచాలని నువ్వే చెప్పావుగా" అని దారం తెంపింది. వచ్చిన ఆడవాళ్ళకు వరసగా పూలు పెట్టుకుంటూ వెళ్ళింది. మా చేలో పత్తి తీసే పిచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి, పిచ్చమ్మ దాని చెయ్యి పట్టుకుని, "సున్నం పడిందేంటమ్మా, కడుక్కో, ఒరుస్తుంది" అంది.

"సున్నం కాదు పిన్నీ. బొల్లి. మా మేనత్తకి ఉండేది. అదుగో" అని ఫోటో చూపించింది.

పిచ్చమ్మ ఫోటోనీ చేతినీ మార్చి మార్చి చూసి, "అవునవును, టీచరమ్మ పోలికే" అని పూలు తీసుకుని కొప్పులో పెట్టుకుంది. అత్తయ్యగారు ఇంకో దండ తెమ్మనలేదు. భోజనాలయ్యాక ఫోటో అద్దం మీద పసుపు చుక్క పడితే తన కొంగుతో తుడిచింది. ఎడమ కన్ను దగ్గర మెల్లిగా తుడిచింది.

సాయంత్రం రమ్య తనకొక ఫోటో తియ్యమంది. ఖాజావలి కెమెరా తెచ్చాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తీశాను. ఎటూ తిరగమనలేదు.

సీడీ పంపుతున్నాను. తెనాలి వాళ్ళకు ఈ ఫోటోయే పంపమని నీతో చెప్పమంది. అది తన మాట, నా మాట కాదు. నేను అడిగేది ఒక్కటే. ప్రింటు నువ్వే వెయ్యి. టచింగ్ చెయ్యవద్దు.

చెంచురామయ్య.


బ్రాడీపేట, గుంటూరు,
డిసెంబరు 20, 2007.

బావా,

ఆల్బములు ఎప్పుడో తెమిలాయి. నేనే రాలేకపోయాను.

ప్రింటు నేనే వేశాను. జాన్ బాషా అలవాటుకొద్దీ మీట మీద వేలు పెట్టాడు. చెయ్యి పట్టుకుని తీశాను. "టచింగ్ వద్దా సార్? మన పాపదే కదా?" అన్నాడు. మన పాపదే కాబట్టి వద్దన్నాను.

తెనాలికి పంపాను. నాలుగు రోజులు నిద్ర లేదు. నిన్న అబ్బాయి తల్లి ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, అమ్మాయి మహాలక్ష్మిలా ఉంది. మా అందరికీ నచ్చింది. కాకపోతే చేతి దగ్గర ప్రింటు పోయినట్టుందండీ, తెల్లగా వచ్చింది. మీ సొంత స్టూడియోయే కదా, ఇంకో మంచి కాపీ వేసి పంపకూడదూ?"

మా ఇంట్లో దాని పేరు నేను ఎన్నడూ అనలేదు, నీకు తెలుసు. రమ్య ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది.

"ప్రింటు బాగానే ఉందండీ. మా అమ్మాయికి బొల్లి. మా అక్కకీ ఉండేది" అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఆవిడ ఉందో, పెట్టేసిందో తెలియలేదు. కొంచెంసేపు చూసి నేనే ఫోను పెట్టేశాను. వాళ్ళు మళ్ళీ చెయ్యలేదు. చేస్తారో చెయ్యరో తెలియదు.

"కాపీ అడిగారుగా నాన్నా, పంపు" అంది రమ్య.

పంపాను. ఈసారి పెద్ద సైజు వేశాను.

త్రినాథ్.